ఎడమకు చూసే పావురం

"పెద్దగురువుగారు నిన్న పోయారండీ. మఠం ఆచారం తెలుసుగా, ఆయన ముద్రను చెక్కిన చేతులే దాన్ని పగలగొట్టాలి," అంటూ గుమాస్తా ఇత్తడి ముద్రను బల్ల మీద పెట్టాడు.

ముద్రలు చెక్కే ముసలాయన చేతిలోని ఉలి పక్కన పెట్టాడు. పోయింది ఆయన సొంత తమ్ముడు. మఠంలో చేరాక మళ్ళీ ఇంటి గడప తొక్కలేదు, ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. వాళ్ళు అన్నదమ్ములన్న సంగతి గుమాస్తాకు తెలియదు.

"కొత్త ముద్రలోనైనా మన మఠం గుర్తు పావురాన్ని సరిగ్గా చెక్కండి. మా గుమ్మం మీద కుడికి చూస్తుంది, ఇదేమో ఎడమకు పడుతోంది."

ముసలాయన ముద్రకు సిరా అద్ది కాగితం మీద ఒత్తాడు. నిజమే. తిరగేసి చెక్కాల్సిన బొమ్మను తిన్నగా చెక్కేశాడు. తమ్ముడు పెద్దగురువయ్యాడని, ఇక తమ్ముడు కాడని తెలిసిన రోజులవి. కంటినిండా నీళ్ళతో చెక్కి, అచ్చు తీసి చూడకుండానే పంపేశాడు.

"ముప్పై ఏళ్ళుగా ఒక్కరూ చెప్పలేదేం?"

"గురువుగారు చెప్పనిస్తేగా! 'ఉండనీండి. ఆయన మాట పడలేడు. చిన్నప్పుడు పలక మీద గీత వంకరపోయిందన్నా అన్నం మానేసేవాడు' అనేవారు."

గుమాస్తా తలెత్తి ముసలాయన వైపు చూశాడు.

"అవునూ, మీ చిన్నప్పటి సంగతి ఆయనకెలా తెలుసండీ?"

ముసలాయన సుత్తి అందుకున్నాడు. ఎంతకీ పైకి లేవలేదది.

"నేను మానేస్తే," అన్నాడు మెల్లగా, "పక్కన కూర్చుని వాడూ తినేవాడు కాదు."