జెండా కింద

బోటు రేవు దాటగానే ఎస్తేరమ్మ ఇంజను పక్కకు జరిగి కూర్చుంది. బోటు నడిపే వెంకటన్న ముఖం అక్కణ్ణుంచి బాగా కనిపిస్తుంది. ఆ ముఖాన్ని ఆమె ఏడాదిగా తిట్టుకుంటోంది. చూడటం మాత్రం ఇదే మొదటిసారి.

పోయినేడు, రెండువేల ఏడు ఎండాకాలంలో, ఈ బోటు అడుగున తిరిగే ఫ్యాను కిందపడే ఆమె మొగుడు యేసయ్య పోయాడు. వీపున గాలి సిలిండరు కట్టుకుని కృష్ణలో మునిగి, ఎత్తిపోతల పంపుల జాలీలకు పట్టిన నాచూ చెత్తా తీసే పని అతనిది. ప్రమాదమన్నారు, కేసు నిలవలేదు. వెంకటన్న బోటుకు కొత్త రంగు వేయించి దర్జాగా తిప్పుకుంటున్నాడు. శవం తమ ఊరు మానవపాడుకు చేరితే కనీసం చూడటానికైనా రాలేదు. అందుకే పక్కన కూర్చున్నది ఎవరో అతనికి తెలియదు. తెలిస్తే ఎక్కించుకునేవాడా!

"వాణ్ణి ముంచందే నాకు ముద్ద దిగదు" అని ఎస్తేరమ్మ ఆనాడే అనుకుంది. ఆ కడుపుమంటను ఒక్కరోజు కూడా చల్లారనివ్వలేదు.

బోటులో జనం పలచగానే ఉన్నారు. కూరగాయల గంపతో ఒకామె, మేకపిల్లను ఒళ్లో పెట్టుకున్న ముసలాయన, ఎండకు తలనిండా తువాలు చుట్టుకుని ముందు కొసన కూర్చున్న ఒక పెద్దమనిషి.

నది మధ్యలో నారింజరంగు బెండు తేలుతోంది. దాని మీద చిన్న కర్ర, కర్రకు ఎర్రజెండా. అది మెల్లగా ఏటికి ఎదురు పోతోంది. నీళ్ల కింద నుంచి దాన్ని లాక్కెళ్తున్నది జాన్, ఎస్తేరమ్మ మరిది. అన్న పనే తమ్ముడూ చేస్తున్నాడు. "పానం మీదికొస్తదిరా" అని ఆమె పొద్దున అంటే, "అన్న కోసం గీ ఒక్కపూట, వదినా" అని దిగిపోయాడు.

"అన్నా, జర తొందరగ పోనీ. ఆ ఒడ్డుకు బస్సొచ్చే యాళ్లయింది" అంది ఎస్తేరమ్మ.

వెంకటన్న వేగం తగ్గించి చుక్కాని పక్కకు తిప్పాడు.

"గట్ల తిప్పుతవేంది? సీదా పో."

"గా జెండా కనిపిస్తలేదా?"

"జెండా ఏందన్నా, గుడ్డపీలిక! ఎవరో వలకు ఆనవాలు కట్టుకున్నరు. మీదికెల్లే పోనీ."

అంటూనే ఆమె జెండా వైపు చూసింది. వీడు నిజంగానే పోనిస్తే? కింద జాన్! అయినా ఆగలేదు.

"వల తెగితే తెగనియ్యి. నీ సొమ్మేం బోయింది?"

వెంకటన్న ఇంజనే ఆపేశాడు.

"నీకేమన్న పిచ్చి లేసిందా? వల గుడ్డయితే ఒక్కకాడనే ఉంటది. ఇది నడుస్తుంది, సూడు. కింద మనిషుండి గుంజుతుండు."

"అవునా! నీకెట్ల తెలుసన్నా?"

ఆడమనిషి నోరు తెరిచి అడిగేసరికి వెంకటన్నకు హుషారొచ్చింది. మీసం దువ్వాడు.

"ఎట్ల తెల్వదు? వాళ్లు తాడు నడుముకు కట్టుకోరు, చిక్కుకుంటే సస్తరు. గిర్రకు చుట్టి చేతిల వట్టుకుంటరు. వదులియ్యకుండ గుంజుకుంట పోతరు, అందుకే జెండా నెత్తి మీదనే ఉంటది. పైకి తేలినా దాని పక్కనే తేలుతరు. గది కనవడ్డదంటే బోటు దూరంకెల్లి తిప్పుకపోవాలె. లేకుంటే ఫ్యానుకు దొరికి తునకలైతరు."

ఎస్తేరమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పళ్లు బిగబట్టి ఆపుకుంది.

"గిదంత ఈ నడ్మనే నేర్చుకున్నవా?"

"ఇప్పుడు నేర్చుకునేదేంది! పంపులు వెట్టిన నాటిసంది ఎరుకే. బోటోళ్లందర్ని కూసోవెట్టి ఇంజనీర్లే చెప్పిండ్రు."

ముందు కొసన ఉన్న పెద్దమనిషి తల మీది తువాలు విప్పి, మెల్లగా వెనక్కి తిరిగాడు. వెంకటన్న చెయ్యి మీసం మీదే ఆగిపోయింది.

పోయినేడు రేవులో యేసయ్య శవం పక్కన నిలబడి, "జెండా అని నాకేం తెల్సు సారూ, వలకు కట్టిన గుడ్డపీలిక అనుకొని మీదికెల్లి పోనిచ్చిన" అని వెంకటన్న ఏడ్చుకుంటూ చెప్పింది ఈ ఎస్సైకే.