దిగని ప్రయాణికులు

“ఇంకా చావలేదా?”

ల్యాబ్‌లోకి అడుగుపెడుతూనే అడిగింది కండక్టరమ్మ. ఒంటిమీద ఖాకీ చొక్కా, భుజాన టికెట్ల సంచి. డ్యూటీ దిగి నేరుగా ఆసుపత్రి పైఅంతస్తుకు వచ్చేసింది.

“లేదక్కా,” అంది పరిశోధకురాలు, మైక్రోస్కోప్ మీంచి తలెత్తకుండానే.

కింద పిల్లల వార్డులో కండక్టరమ్మ బిడ్డకు మెడ నిండా గడ్డలు. పొట్ట బిందెలా ఉబ్బింది. ఒంట్లో రక్తం నానాటికీ తరిగిపోతోంది.

జబ్బు సంగతి ఆమెకు మొదట్లోనే విడమరిచి చెప్పారు. రోగాలతో పోరాడే తెల్లకణాలు, పని అయిపోయాక తమంతట తామే చనిపోవాలి. అందుకు కణం పైన ఒక గ్రాహకం ఉంటుంది. చావమన్న సంకేతం దానికి అందితే చాలు, కణం లోపల్నుంచి తనను తానే కూల్చుకుంటుంది. ఈ జబ్బులో ఆ గ్రాహకం పుట్టుకతోనే పాడైపోయి ఉంటుంది. కణాలు చావవు. గుట్టలుగా పేరుకుని సొంత ఒంటి మీదే పడతాయి.

“అంటే బెల్లు కొట్టినా దిగని ప్యాసింజర్లు. పైగా బస్సునే పీక్కుతింటున్నారు,” అంది అప్పుడు కండక్టరమ్మ.

గ్రాహకంతో పనిలేకుండా, ఆ సంకేతాన్ని నేరుగా లోపలికి చేర్చే మందు కావాలి. ఇప్పటికి రెండు మందులు దండగయ్యాయి. వేరే జబ్బుకు ఇప్పటికే వాడుతున్న మూడోదాన్ని ఇవాళ పరీక్షిస్తున్నారు.

“ఇదే ఆఖరి పళ్లెం అక్కా. ఉన్న కణాలన్నీ ఇందులోనే వేశాను. మళ్లీ రక్తం తీయడానికి లేదు.”

“తెలుసమ్మా. కానివ్వు.” మళ్లీ తనే అడిగింది. “వాటికి నొప్పి తెలుస్తుందా?”

“తెలీదక్కా. చడీచప్పుడూ లేకుండా పోతాయి.”

కండక్టరమ్మ స్టూలు మీద కూలబడింది. ఆ కణాలు చావాలని దండం పెట్టుకుంటుంది, అంతలోనే నాలుక కరుచుకుంటుంది.

పొద్దు వాలుతుండగా పరిశోధకురాలు ఆమెను పిలిచి మైక్రోస్కోప్‌లో చూడమంది. గుండ్రటి కణాలు ముడుచుకుపోయి, బుడగలు కట్టి, తునకలు తునకలై పడి ఉన్నాయి.

“ఒక్కటైనా మిగిలిందా?”

“ఒక్కటి కూడా లేదక్కా. మందు పనిచేసింది. బిడ్డకు రేపే మొదలుపెడతారు.”

కండక్టరమ్మ ఆ అమ్మాయి చేతులు కళ్లకద్దుకుంది. తర్వాత పళ్లేన్ని గుండెలకు హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

కింద ఆ మందు కోసం ఎదురుచూస్తున్నది ఆమె కొడుకు; ఆ పళ్లెంలో ఇంతసేపూ బతికున్నవి మాత్రం, అదే జబ్బుతో నిరుడు కన్నుమూసిన కూతురి రక్తంలోంచి అప్పట్లో తీసి, గడ్డకట్టించి దాచిన కణాలు.