బుల్లిరాజు గారి నాలుక

"కొత్త అల్లుణ్ణి కల్లు పాకకి తీసుకెళ్ళడమేంటండీ, నలుగురూ నవ్వుతారు" అని భార్య జానకీదేవి అంటూనే ఉంది. బుల్లిరాజు అప్పటికే స్కూటరు స్టార్టు చేశాడు.

అల్లుడికి తన నాలుక గొప్ప చూపించాలని ఆయన ఆత్రం. భీమవరం చుట్టుపక్కల చేపల చెరువులున్నవాళ్ళు బోలెడుమంది. చదువుకున్నవాళ్ళూ బోలెడుమంది. బుల్లిరాజు టెన్తు మూడుసార్లు తప్పాడు, ఆయన చెరువు రెండుసార్లు మునిగింది. కానీ ఒక్క గుక్కతో కల్లు ఏ చెట్టుదో చెప్పగల నాలుక మాత్రం ఆయనొక్కడికే ఉంది. ఇరవై ఏళ్ళుగా ఒక్కసారీ తప్పలేదు. ఊళ్ళో ఎవరింటికి చుట్టం వచ్చినా ముందు బుల్లిరాజు విద్య చూపించి, ఆ తర్వాతే భోజనానికి కూర్చోబెట్టేవారు.

దారిలో అల్లుడు శ్రీకాంత్‌కి తాడిచెట్లు చూపించాడు. "కాలవగట్టు చెట్టుది పల్చగా ఉంటుందండి. మెరక చెట్టుది ఘాటు. జంటచెట్లదైతే చివర్లో కాస్త తీపి తగులుతుంది." శ్రీకాంత్‌కి కడియంలో మొక్కల నర్సరీ ఉంది. శ్రద్ధగా విన్నాడు.

కల్లు గీసేవాడి పేరు పెద్దింట్లు. అతను పాకలో బల్ల తుడిచి ఇద్దర్నీ కూర్చోబెట్టాడు. నలుగురు చేపల వ్యాపారులు వేడుక చూడటానికి దగ్గరికి జరిగారు. పెద్దింట్లు తడిక వెనక్కి వెళ్ళి రెండు తాటాకు దొప్పల్లో ఒకే కల్లు పోసుకొచ్చాడు. మర్యాద ప్రకారం మొదటి దొప్ప అల్లుడికి అందింది.

శ్రీకాంత్ ఒక గుక్క తాగాడు. "జంటచెట్లదనుకుంటానండి, మావయ్యగారూ."

బుల్లిరాజు తన దొప్ప రుచి చూసి ముసిముసిగా నవ్వాడు. "మెరక చెట్టుదండి. మీకు కొత్త కదా, తెలీదు. ఏరా పెద్దింట్లూ?"

పెద్దింట్లు మామ మొహం చూశాడు, అల్లుడి మొహం చూశాడు. తలగుడ్డ సర్దుకున్నాడు. "ఆయ్, అల్లుడుగారు చెప్పిందేనండి. జంటచెట్లదే."

రెండో విడతా అంతే. మూడో విడతా అంతే. వ్యాపారులు శ్రీకాంత్ వీపు తట్టారు. మామని మించిన అల్లుడన్నాడొకడు. బుల్లిరాజు కూడా నవ్వాడు గానీ, దొప్పలో మిగిలిన కల్లు కింద పారబోశాడు.

ఇంటికొచ్చేసరికి కూతురు మంజుషకి కబురు అందిపోయింది. "అయితే మీ విద్య మా ఇంటికొచ్చేసినట్టే, నాన్నగారూ" అని మురిసిపోయింది. కన్నకూతురు కూడా ఆ పక్షమే చేరింది. భోజనాల దగ్గర అల్లుడికి రొయ్యల వేపుడు వడ్డించమంటే బుల్లిరాజు గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"వడ్డించండి, అదేంటి?" అని జానకీదేవి మోచేత్తో పొడిచింది.

ఆయన లెక్కగా రెండు రొయ్యలు వేశాడు. ఆ ఇంట్లో అల్లుడి ఆకులో రెండే రొయ్యలు పడటం అదే మొదలు.

మర్నాడు తెల్లవారుతూనే వంటింట్లోకి వెళ్ళి ఉప్పు నాకి చూశాడు. పంచదార నాకి చూశాడు. రెండూ బాగానే తెలుస్తున్నాయి. మరి కల్లు దగ్గరే ఏమొచ్చింది? పరాయి ఊరివాడికి, నిన్నగాక మొన్న వచ్చినవాడికి దొరికిన రుచి తనకెందుకు దొరకలేదు? అసూయతో ఒళ్ళు మండిపోయింది. ఎవరికీ చెప్పకుండా స్కూటరు తీసి తాటితోపుకి వెళ్ళాడు.

పెద్దింట్లు అప్పుడే చెట్టు దిగి మోకు విప్పుకుంటున్నాడు.

"నిజం చెప్పరా. నా నాలిక చచ్చిపోయిందా?" అన్నాడు బుల్లిరాజు. "కాకినాడ వెళ్ళి పెద్ద డాక్టరుకి చూపించుకుంటాను. ఉన్నదల్లా అదొక్కటేరా నాకు. అది కూడా అల్లుడు పట్టుకుపోతే ఈ ఊళ్ళో నన్నెవరు పిలుస్తారు?"

ఆయన కళ్ళలో నీళ్ళు చూసి పెద్దింట్లు మనసు కరిగిపోయింది. మోకు కింద పడేసి దగ్గరికొచ్చాడు.

"మీ నాలిక్కేం కాలేదండి బాబూ, అన్ని చెట్లదీ దించి నేను ఒక్క కుండలోనే పోసేత్తానండి, ఇరవయ్యేళ్ళ నుంచీ తమరు ఏ చెట్టంటే ఆ చెట్టు, నిన్నమాత్రం కొత్తల్లుడుగారు కదాని ఆయన ఏ చెట్టంటే ఆ చెట్టు."