రోజుకి మూడు క్యాన్లు

“ఇంకో గ్లాసు తాగు.”

“కడుపులో చోటు లేదండీ.”

“లేకపోతే చేసుకో. డాక్టరు ఏమన్నాడు? ఈ వీధి బోరునీళ్ళు నోట్లో పొయ్యొద్దు, ఫిల్టరు నీళ్ళే తాగు, అవీ బాగా తాగు అన్నాడా లేదా? ఏడాదిగా తాగుతుంటే కిడ్నీలో రాళ్ళు తగ్గాలా, పెరగాలా? నేను పనికెళ్ళగానే సింకులో పారబోస్తున్నావేమో!”

“మీ మీదొట్టు, పారబొయ్యలేదు.”

“రేపు స్కానింగులో ఇంకా పెరిగాయని తేలితే కోత తప్పదు. తాగు.”

ఆమె ఒక చేత్తో నడుం పట్టుకుని, రెండో చేత్తో గ్లాసు అందుకుంది. కళ్ళు మూసుకుని కషాయం మింగినట్టు మింగింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా వెల్డరు మంచం పక్కనుంచి కదల్లేదు. పెళ్ళాం మీద ప్రేమ అతని నోట ఎప్పుడూ కసురుడుగానే వచ్చేది. ఇంకోలా చెప్పడం అతనికి ఎవరూ నేర్పలేదు.

అక్కని చూడ్డానికొచ్చిన బామ్మర్ది వంటింట్లో గోడకున్న ఫిల్టరు కేసి తలెత్తి చూస్తున్నాడు. బస్సు డ్రైవరు. కంటబడ్డదాన్ని ఊరికే వదిలే రకం కాదు.

“బావా, మాదీ ఇదే కంపెనీ, ఇదే సైజు. మీది రోజుకి ఎన్ని క్యాన్లిస్తుంది?”

చాలా రోజుల తర్వాత వెల్డరు మొహంలో కాస్త వెలుగొచ్చింది.

“పొద్దున టీ తాగి లేచేసరికి ఒకటి నిండుతుంది. సాయంత్రానికి ఇంకో రెండు. కావాలంటే ఇంకా ఇస్తుంది.”

“మాకు ఒక్కటి నిండాలంటే దేవుడు దిగి రావాలి! రోజుకి ఇన్ని లీటర్లని డబ్బా మీద రాసిందే తక్కువ. అందులో సగం కూడా రావు మాకు.”

“డబ్బా మీద రాసింది చదువుకునేవాడికి అంతే వస్తుందిరా. కంపెనీ వాడు రేపూ మాపూ అని తిప్పుతుంటే నేనే బిగించా. గేట్లకి అతుకులేసేవాణ్ణి, రెండు సన్న గొట్టాలు బిగించడం ఒక లెక్కా? వడగట్టిన మంచినీళ్ళది క్యానులోకి, వదిలేసే ఉప్పునీళ్ళది బకెట్లోకి. కథ కంచికి!”

“మీ ట్యాంకు ఎత్తులో ఉంది కదా. నీళ్ళు గట్టిగా తోస్తుంటాయి. అందుకేలే.”

“ఒప్పుకోవడానికి నోరు రాదు నీకు. బావ పనితనం అను, నీ సొమ్మేం పోదు.”

“సరే బావా, నీ పనితనమే. టీ నేను పెడతాగానీ కూర్చో.”

నేల అద్దంలా ఉంది. అడుగేస్తే మరక పడుతుందేమోనని డ్రైవరు ముని వేళ్ళ మీద నడిచాడు.

“తడిబట్ట బాగా పెడుతున్నావే!”

“బకెట్లో పడ్డ నీళ్ళు దానికే. మీ అక్క వంగలేదుగా. నేనే తుడుస్తా.”

డ్రైవరు టీ గిన్నె తీశాడు. లోపల చూసి ఆగాడు. అడుగంతా తెల్లగా పెచ్చు కట్టి ఉంది.

“బావా, ఇది పోయినసారి నేను తెచ్చిన కొత్త గిన్నే కదా?”

“తోమేది నేను. మగాడి తోముడు అలాగే ఉంటుంది.”

“ఎంత తోమినా పోవట్లేదురా,” లోపల్నుంచి అక్క అంది. ఆ మాట పూర్తికాకుండానే మూలిగింది.

వెల్డరు క్యాను వంచి గ్లాసు నింపుకుని పరిగెత్తాడు. డ్రైవరు గిన్నెని గోటితో గీకాడు. తెల్లపొడి రాలింది. రేడియేటర్లో ఏ నీళ్ళు పోస్తే ఇలా పెచ్చు కడుతుందో, ఇంజను ఎలా ఉడికిపోతుందో అతనికి తెలుసు. రెండు స్టీలు గరిటెలు తీసి, ఒకదాన్ని క్యానులో ముంచాడు, ఇంకోదాన్ని నేల తుడిచే బకెట్లో. రెండూ పొయ్యి మీద పెట్టాడు.

లోపల వెల్డరు గొంతు కసరడం లేదు.

“దండం పెడతానే, తాగు. రేపు నిన్ను ఆ కత్తి కిందకి పంపి బయట కూర్చోలేను.”

“గొంతు దిగట్లేదండీ. ఏదో కటువుగా ఉంటున్నాయి.”

“మంచి చేసేదేదీ తియ్యగా ఉండదు. నా కోసం తాగు.”

ఆమె అతని కోసం తాగింది.

గరిటెల్లో నీళ్ళు ఇగిరిపోయాయి. డ్రైవరు రెంటినీ వెలుతురులో పెట్టి చూశాడు. ఒకదానికి తెల్లగా పెచ్చు కట్టింది, ఇంకోటి మెరుస్తోంది. ఏది ఎందులో ముంచాడో మళ్ళీ గుర్తు చేసుకున్నాడు. పొయ్యి ఆపేశాడు.

వెల్డరు ఖాళీ గ్లాసు పైకెత్తి చూపిస్తూ వచ్చాడు. కళ్ళలో తడి.

“మొత్తం తాగేసిందిరా! రాళ్ళు కరగకేం చేస్తాయి?”

డ్రైవరు తల ఎత్తలేకపోయాడు.

“అక్క తాగాల్సినవి బకెట్లో ఉన్నాయి, బావా.”