బోర్డు మీది ఎర్ర గౌను

తైవాన్‌లో తైనాన్ నగరంలోని పాత థియేటర్ ముందు నిచ్చెనెక్కిన పెయింటర్ చుంగ్‌షెంగ్ కుంచెను ఆకుపచ్చలో ముంచాడు.

“ఆ రంగు పూశావంటే నిచ్చెన లాగేస్తా,” అంది కింద నిలబడ్డ స్యూచిన్. మళ్లీ ఆడబోతున్న ఆ పాత సినిమా బోర్డు మీది హీరోయిన్ ఆవిడే, యాభై ఏళ్ల కిందట.

“నలుపు తెలుపు సినిమా అక్కా. అప్పుడు ఫొటో చూసి నాకు తోచిన ఎరుపు పూశాను. అసలు గౌను ఆకుపచ్చదని మొన్న మ్యూజియంలో చూశాను. తప్పు దిద్దుకోనీ.”

“నువ్వు దిద్దితే నేను దొరికిపోతాను. నీ బోర్డు చూసే మా ఆయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. పెళ్లి విందుకి ఆ ఎర్ర గౌనే వేసుకోమన్నాడు. సాయంత్రం ఆటకి వస్తున్నాడు.”

చుంగ్‌షెంగ్ ఎరుపు డబ్బా మూత తీశాడు.

“భుజం మీద పసుపు గుండీ మర్చిపోకు,” అందావిడ.

“అది గుండీ కాదక్కా. అప్పట్లో చెయ్యి జారి రంగు చుక్క పడింది.”

“నాకేం తెలుసు? దర్జీ చేత అదీ కుట్టించాను.”