తీర్పు మర్నాడు

బలహీనుల తరఫున సింహం ముందు వాదించీ వాదించీ ముసలిదైపోయిన ముళ్లపంది ఒకటుండేది. ఏనుగులు గడ్డిలోని తమ గూళ్లు తొక్కేస్తున్నాయని కౌజుపిట్టలు ఏడిస్తే, వాటి తరఫునా వాదించింది.

"ఏనుగులు ఆ గడ్డిలోకి పోకూడదు" అని సింహం తీర్పు చెప్పింది. పిట్టలు గంతులేశాయి.

ముళ్లపంది సంబరపడలేదు. వయసులో ఉన్నప్పుడు గెలిచిన ప్రతిసారీ ఇంటికెళ్లి హాయిగా పడుకునేది. తెల్లారేసరికి తీర్పును ఎవరూ పట్టించుకోక అంతా మళ్లీ మామూలైపోయేది.

"రేపు దారికడ్డంగా నిలబడదాం" అంది.

"మేమా? అమ్మో, తాతా!"

"పక్కన నేనుంటాగా."

మర్నాడు ఏనుగులు రానే వచ్చాయి. "ఇక్కడ సింహముందా ఏంటి?" అని నవ్వింది పెద్ద ఏనుగు.

ముళ్లపంది నోరు తెరిచేలోపే ఓ కౌజుపిట్ట ముందుకొచ్చింది. "లేదు, మేమున్నాం. ఇంకో అడుగేస్తే అందరం వెళ్లి సింహానికి చెబుతాం."

పెద్ద ఏనుగు మందను తీసుకుని వెనక్కి తిరిగింది.

ఆ పూట ముళ్లపంది ఇంటికెళ్లి హాయిగా పడుకుంది.