మహారాష్ట్ర బస్సులో బ్రోకరు

ఆర్మూరు బస్టాండులో మహారాష్ట్ర బస్సు కదులుతుండగా ఒక పెద్దాయన పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కాడు.

నలిగిన తెల్లచొక్కా, రబ్బరు చెప్పులు, చంకలో గుడ్డసంచి. బాల్కొండలో చెల్లెలింటికి వచ్చి తిరిగి పోతున్నానంటూ కాశీరాం పక్కన కూలబడ్డాడు.

కాశీరాం ఏర్గట్ల రైతు. పసుపు, మక్కజొన్న పండిస్తాడు. కిటికీ పక్కన ఉన్నది అతని కూతురు గంగామణి.

అది తొంభై ఒకటో సంవత్సరం. ఎంసెట్‌లో గంగామణికి వచ్చిన ర్యాంకుకు ఇక్కడ ఇంజనీరింగ్ సీటు దొరకలేదు.

గోదావరి అవతల కొత్త కాలేజీ ఒకటుందని, డొనేషన్ కడితే సీటు ఖాయమని పెర్కిట్‌లో ఒకాయన చెప్పాడు. కట్టాలంటే కాలువ కింది పొలం అమ్మాలి. కాశీరాం దానికీ సిద్ధపడ్డాడు. అప్పటినుంచి భార్య శాంతవ్వ అతనితో మాట్లాడటం మానేసింది.

బోధన్ దాటకముందే పెద్దాయన ఈ సంగతులన్నీ అడిగి తెలుసుకున్నాడు. ఏం చదువుతావని గంగామణిని కూడా అడిగాడు. ఎలక్ట్రికల్ అంది. ఎందుకన్నాడు.

"మా బాయికాడి మోటరు ఊకె కాలిపోతది. ఎందుకు కాలుతదో మెకానిక్కు చెప్పడు. బాగుచేసి పోతడు, మల్ల కాలుతది. నాకు తెల్వాలె."

పెద్దాయన పకపకా నవ్వాడు. ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

కాసేపటికి నవ్వు ఆపి కాశీరాం వైపు వంగాడు.

"గా కాలేజీల చేర్పియ్యకు తమ్మీ. గేటు పెద్దగున్నది గని లోపట ల్యాబ్ లేదు. మిషన్లు ఇంకా రాలె. బోర్డు మీద బొమ్మలు గీసి చెప్తున్నరు."

ఊరికి ఆ చివర పాత కాలేజీ ఒకటుందని చెప్పాడు. సర్కారు సాయంతో నడుస్తుందట. పక్క రాష్ట్రం పిల్లలకూ సీట్లున్నాయి, ఆడపిల్లలకు హాస్టలుంది, ఫీజు తక్కువ. చూడటానికి మాత్రం గోదాములా ఉంటుంది, భయపడొద్దన్నాడు.

కాశీరాంకు సంగతి అర్థమైపోయింది. ఈయన బ్రోకరు. ఒక కాలేజీని తిట్టి ఇంకో కాలేజీకి పిల్లల్ని తోలుకుపోయేవాళ్లుంటారని పెర్కిట్ ఆయన ముందే హెచ్చరించాడు.

అక్కణ్నుంచి ఏమడిగినా కాశీరాం ఊఁ, ఆఁ అంటూ సరిపెట్టాడు.

మధ్యాహ్నం రొట్టెల మూట విప్పారు. గంగామణి పెద్దాయనకూ ఒకటి ఇవ్వబోతే తండ్రి మోచేత్తో పొడిచాడు. అయినా ఇచ్చింది. ఆయన ఎల్లిపాయ కారం అద్దుకుని తిని, మొహమాటం లేకుండా ఇంకోటి అడిగాడు.

బస్సు దిగాక, పాత కాలేజీ దాకా వచ్చి చూపిస్తానన్నాడు.

కాశీరాం ఇక ఊరుకోలేకపోయాడు.

"ఒక్క పిల్లను తోల్కపోతె మీకేమొస్తది?"

పెద్దాయన ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత మళ్లీ అదే నవ్వు.

"ఇయ్యాలైతె రెండు రొట్టెలొచ్చినయి," అని గంగామణి తల నిమిరి, రిక్షా ఎక్కి వెళ్లిపోయాడు.

తండ్రీకూతుళ్లు నేరుగా కొత్త కాలేజీకే వెళ్లారు. గేటు నిజంగానే పెద్దది. ఆఫీసులో కూల్‌డ్రింకు ఇచ్చి మర్యాద చేశారు. ఎలక్ట్రికల్ ల్యాబ్ చూస్తానంది గంగామణి. ముందు డొనేషన్ సంగతి తేల్చమన్నాడు గుమస్తా. ఆమె మళ్లీ అడిగింది. చేరాక రోజూ చూసేదే కదా అన్నాడు.

గంగామణి తండ్రిని బయటికి తీసుకొచ్చింది.

"బాపు, జర గా పాతది గూడ చూసిపోదాం."

"బ్రోకరు మాట పట్టుకుంటవా బిడ్డా?"

"బ్రోకరైతేంది? ల్యాబ్ లేదన్న మాటైతె నిజమే గద."

పాత కాలేజీ గోదాములాగే ఉంది. లోపల మాత్రం ఒక పెద్ద మోటరు విప్పి పరిచి, చుట్టూ పిల్లలు నిలబడి ఉన్నారు. గంగామణి వాళ్ల మధ్యకు దూరింది. తండ్రి పిలిచినా ఇవతలికి రాలేదు.

అక్కడే చేరింది. ఆ ఏటి పసుపు డబ్బుతోనే ఫీజు సరిపోయింది, పొలం నిలిచింది. శాంతవ్వ మళ్లీ మొగుడితో మాట్లాడింది. చాలా మాట్లాడింది.

కూతుర్ని చూడ్డానికి వచ్చినప్పుడల్లా కాశీరాం బ్రోకరు కోసమని ఇంటి పసుపు కొట్టించి తెచ్చేవాడు. మీ బ్రోకరు సారు ఎక్కడున్నాడని ఆఫీసులో అడిగేవాడు. సున్నం వేయించడానికే డబ్బుల్లేవు, మాకు బ్రోకరు కూడానా అని వాళ్లు నవ్వేవారు. ఆ పసుపు హాస్టలు వంటమనిషికి చేరేది. అంత మాట అన్నందుకు కాశీరాం మనసు పీకుతూనే ఉండేది.

ఆఖరి సంవత్సరం కొత్త కాలేజీలో పోటీలు పెట్టారు. అప్పటికి అక్కడ మిషన్లన్నీ వచ్చేశాయి. గంగామణి తయారుచేసిన, మోటరు కాలిపోకుండా ఆపే పెట్టెకు మొదటి బహుమతి వచ్చింది. కాశీరాం కొత్త ధోవతి కట్టుకుని వచ్చి, అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టాడు.

బయటికొస్తుంటే హాలు గోడ మీద దండ వేసిన ఫొటో కనిపించింది. కాశీరాం దాని ముందు ఆగిపోయాడు.

"బిడ్డా, మన బ్రోకరు సారు గద."

గంగామణి అక్కడున్న ప్యూను దగ్గరికి వెళ్లి మరాఠీలో ఏదో అడిగింది. అతను చెప్పింది విని మళ్లీ ఫొటో వైపు చూసింది.

తర్వాత తండ్రి చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పింది.

"మనం బస్సెక్కిన నాడు గీ కాలేజీకి ప్రిన్సిపాల్ ఈ సారే అంట బాపు."